తీగ ఎక్కించమన్నారు, ఎక్కించాను

కూర్చో టైలరూ, కూర్చో, అరుగు మీద దుమ్మేం లేదులే, పొద్దున్నే మా ఆవిడ కడిగింది. కాంపౌండరు గారూ, మీరు ఆ గోడకి చేరగిలబడండి, రోజంతా నిలబడి జనానికి సూదులు పొడిచి పొడిచి వచ్చిన మనిషి, మీ నడుం సంగతి నాకు తెలీదూ? నాకూ అంతే. రిటైరై ఇన్నేళ్లయినా ఈ మోకాళ్లు ఇంకా స్తంభాలెక్కుతున్నట్టే పీకుతాయి. ఎక్కువసేపు కూర్చోబెట్టనులెండి, నాకు మాత్రం ఓపికెక్కడిది. సంగతేంటంటే, అదిగో, సందు చివర మొక్కల బండాయన టీ తాగుతున్నాడు చూశారా, ఆయన బండిలో రెండే మొక్కలు మిగిలాయి. ఒకటి పాకే తీగ. ఇంకోటి పళ్లు కాసే పొద. మా పెరట్లో ఒక్కదానికే చోటుంది. నేను తీగ అంటాను, మా ఆవిడ పొద అంటుంది. తీగకైతే రోజూ నీళ్లు పొయ్యాలట, పొద ఒకసారి వేళ్లు పట్టుకుందంటే దాని బతుకు అదే బతుకుతుందట, ఇంక నేను మొయ్యలేనండీ బాబూ అంటుంది. నీళ్లదేముందయ్యా? పోస్తే పోదూ? టీ అయ్యేలోపు తేల్చమన్నాడు బండాయన. మీరిద్దరూ నావైపు ఒక్క మాట చెప్పారంటే అయిపోతుంది.

"మధ్యలో మేమెందుకు అన్నయ్యా? నువ్వూ వదినా తేల్చుకోండి. నాకింకా చొక్కాలకి కాజాలు కుట్టే పనుంది."

కాజాలెక్కడికీ పోవులే టైలరూ. నేనేమన్నా గొప్పలు చెప్పుకునేవాణ్ణా? తీగల సంగతి నాకు తెలుసు, అందుకని చెప్తున్నా. లైన్‌మన్ ఉద్యోగంలో ఉండగా ఒక తీగ నాటాను. అది బతికింది. అంతే.

"అంతేనా? అయితే నే లేస్తా."

ఆగవయ్యా, ఎలా బతికిందో వినవూ! అప్పుడు నన్ను ఊరి చివరి లైనుకి వేశారు. సాయంత్రం గాలివాన కొట్టి వెలిసింది. మా ఆఫీసరు ఫోన్ చేశాడు. ఆయన మాట్లాడితే సగం మాటలు మీసాల్లోనే ఇరుక్కుపోయేవి. "ఆఖరి స్తంభం దగ్గర తీగ కింద పడింది, పోయి వెంటనే పైకెక్కించు" అన్నాడు. పోయి చూద్దును కదా, స్తంభం మొదట్లో నిజంగానే ఒక తీగ పడుంది. కరెంటుది కాదండీ, పచ్చటిది! నాలుగాకులు, ఒక మొగ్గ, వేళ్లతో సహా కొట్టుకొచ్చి బురదలో ఏడుస్తోంది. పైఆఫీసరు మాటకి ఎదురు చెప్పే అలవాటు నాకు పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ లేదు. ఎక్కించమన్నాడు, ఎక్కించాను. గుంట తీసి నాటి, పురికొసతో స్తంభానికి కట్టి, నా సీసాలో నీళ్లు కూడా దానికే పోసి వచ్చాను.

"మరి కరెంటు తీగ?"

అదీ పడే ఉంది కాంపౌండరు గారూ, అవతల గడ్డిలో. నేను చూసుకోలేదు. తీగ అంటే తీగే కదా, ఏ తీగో ఆయన విడమర్చి చెప్పొద్దూ? పొరపాటు ఎవరికి రాదు? ఊరంతా చీకటి. మర్నాడు చీవాట్లకి సిద్ధపడి, మొహం వేలాడేసుకుని పోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తీగ రాత్రికి రాత్రే స్తంభం కొస దాకా ఎక్కేసింది! ఎక్కి ఊరుకుందా, తెగిపోయిన చోటు మీదుగా అడ్డంగా పాకి, అవతలి స్తంభానికి మెలి తిరిగి కూర్చుంది. ఊళ్లో చూస్తే ప్రతి ఇంటా లైట్లు!

"ఆకుల్లోంచి కరెంటొచ్చిందా అన్నయ్యా?"

పచ్చి తీగయ్యా! పచ్చిదాంట్లో కరెంటు పారదూ? తడి చేత్తో స్విచ్చి ముట్టుకుని చూడు, నీకే తెలుస్తుంది. అదేమన్నా మామూలు కరెంటనుకున్నావా? ఫ్యాను వేస్తే గది నిండా పూల వాసన. ఇస్త్రీ చేస్తే గుడ్డ మీద ఆకుల అచ్చులు, అదీ రంగు పోకుండా. నీలాంటి టైలర్లు ఆ గుడ్డ కోసం నా కాళ్లావేళ్లా పడ్డారు. రాన్రాను బల్బులు కొనడమే మానేశారు జనం. హోల్డర్లోంచి మొగ్గ వచ్చి, అదే కాయై, పొద్దుగూకగానే వెలిగేది. పడుకునేటప్పుడు కాయ కోసి దిండు కింద పెట్టుకోవడమే.

"నా చెవిలో పూలు పెడుతున్నావు."

పెట్టుకో, ఆ తీగవే. మంచి వాసన.

"సరేగానీ, పొదకొచ్చిన లోటేంటి? పళ్లు కాస్తుంది, ఎత్తు పెరగదు. మోకాళ్ల నొప్పులవాళ్లు కుర్చీ వేసుకుని కోసుకోవచ్చు."

మీకు తెలీదు కాంపౌండరు గారూ, పొదని నమ్మకూడదు. మా పక్క లైన్‌మన్ నన్ను చూసి కుళ్లుకుని, వాడి స్తంభం కింద పళ్ల పొద పెట్టాడు. పొదకి ఎక్కడం రాదు కదా, కూర్చుంది. కూర్చుని కూర్చుని లావెక్కింది. పిట్టలు దాని పళ్లు తిని తిని ఎగరలేక నడిచి ఇళ్లకి పోయేవి, అవి రోడ్డు దాటేదాకా బస్సులు ఆపేవాళ్లు. కొన్నాళ్లకి స్తంభం కనపడకుండా పోయింది. ఇంకొన్నాళ్లకి వాడు కనపడకుండా పోయాడు. పళ్లు కోద్దామని లోపలికి దూరి, బయటికి దారి దొరక్క, ఆ పొదలోనే రిటైరయ్యాడండీ! వీడ్కోలు సభ పొద బయట పెట్టాం. లోపల్నించే ఉపన్యాసమిచ్చాడు. గొంతు స్పష్టంగానే వినపడింది.

నవ్వకు టైలరూ, చచ్చి నీ కడుపున పుడతాను, అబద్ధమైతే. ఇంకా అసలు కథ ఉంది. ఓపిక లేదు గానీ చెప్తా. నా తీగ సబ్‌స్టేషన్ దాకా పాకింది. అక్కడితో స్తంభాలు అయిపోయాయి. ఏం చేస్తుంది పాపం? తల పైకెత్తి మబ్బుని పట్టుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మెరుపు మెరిస్తే ఆ కరెంటు సరాసరి మా ఊళ్లోకే! ఎండలు ముదిరాయని జనం మొరపెట్టుకుంటే నేను కింద నిలబడి తీగ పట్టుకు లాగేవాణ్ణి, మబ్బు ఇళ్ల కప్పుల మీదికి దిగేది, ఎవరింటికి కావాలంటే వాళ్లింటి మీద ఆపి ఒక్క కుదుపు కుదిపేవాణ్ణి. ఒకసారి గట్టిగా లాగితే పక్కూరి మబ్బు కూడా వచ్చేసింది, వాళ్లు పోట్లాటకొచ్చారు, తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి.

అంత తీగని సాకడం మాటలా? చెయ్యి అలవాటుండాలి. ఆ అలవాటు నాకిప్పటికీ ఉంది. మా పెరట్లో ఇంత పచ్చదనం ఊరికే వచ్చిందా? రోజూ తెల్లారకముందే లేచి బకెట్లతో నీళ్లు మోసి పోస్తున్నానా లేదా? ఈ భుజాలు చూడండి. ఇన్నేళ్ల మోత. ఇదిగో, మా ఆవిడే వచ్చింది. నువ్వే చెప్పవే వీళ్లకి.

"చెప్తాను. కాంపౌండరు అన్నయ్య గారూ, మీరూ వినండి. స్తంభం మీద కరెంటు పూసిందన్నారు, నేనేమన్నా అన్నానా? మనిషి పొదలో రిటైరయ్యాడన్నారు, గిన్నెలు తోముకుంటూ నవ్వుకున్నాను. మబ్బులు లాగారు, లాక్కోనీ అనుకున్నాను. ఈ బకెట్ల దగ్గర మాత్రం ఊరుకోలేనండీ. ఏవండీ, మన పెరట్లో కుళాయి ఎటువైపుంది?"

ఎటేంటే... పెరటి తలుపు తియ్యగానే, ఎడం పక్క. నాకు తెలీదా?

"అది పాడైపోయి రెండు వానాకాలాలయింది. పీకేశారు కూడా. మీకు చెప్పాను. చెప్పినప్పుడు మీరిక్కడే ఎవరికో కథ చెప్తున్నారు. అప్పట్నుంచీ వీధి చివర పంపు దగ్గర పట్టుకుని, ఈ మెట్లెక్కి, ఇల్లంతా దాటి పెరట్లోకి మోస్తున్నాను. ఈ అరుగు మీంచే, మీ ముందు నుంచే. మీరు కథ ఆపకుండా కాళ్లు ముడుచుకుంటారు, నేను దాటిపోతాను. నా చేతిలో ఏముందో ఒక్కరోజు చూశారా? నాకు విసుగొచ్చిందండీ. కోపం కూడా కాదు. చేతులు లాగేస్తున్నాయి, అంతే. అన్నయ్య గారికి తెలుసు, పోయిన వారం భుజానికి మందు రాసి పంపింది ఆయనే."

టైలరూ, నువ్వు వెళ్లొద్దులే, ఎందుకు లేస్తావ్... సరే, వెళ్లు. కాజాలున్నాయి కదా. కాంపౌండరు గారూ, మీకు తెలుసా ఈ భుజం సంగతి? నాకు చెప్పొచ్చు కదండీ.

"ఆమె చెప్తానంటే నేను ఊరుకున్నా. మొన్న ఇక్కడికొచ్చి నేనూ చెప్దామనుకున్నాను. మీరు సందివ్వలేదు."

వస్తున్నాడు, వస్తున్నాడు, బండాయన వచ్చేస్తున్నాడు.

"ఏం లైన్‌మన్ గారూ, తేలిందా? ఏది దించమంటారు, తీగా, పొదా?"

పొద దించవయ్యా. పొదే. నా మొహంలోకి అలా చూడకు, సరిగ్గానే విన్నావు. వేళ్లు పట్టుకునేదాకా అయినా దీనికి నీళ్లు కావాలంటావా? సరే. అవి నే తెస్తాను, వీధి చివర్నించే. నువ్వు బకెట్టు అక్కడ పెట్టవే, పెట్టమంటున్నానా! గుంట కూడా నేనే తీస్తాను, ఎవరూ రానక్కర్లేదు.

"తీద్దురుగాని. పార ఎక్కడుందో తెలుసా?"

తెలీదే. చూపించు.