కనుమలో విప్పిన పెట్టె

హలో… ఆ, నేనేనక్కా, మెలిస్‌ని… లేదు, తలాస్ చేరలేదు. తో-అషూ కనుమ దాటి దిగుతుంటే మంచు జారింది. ముందూ మూసుకుపోయింది, వెనకా మూసుకుపోయింది…

నాకేం కాలేదు. మీ కొట్టు సరుకూ భద్రం… ఆ, జనరేటర్లు మూడూ ఉన్నాయి, హీటర్లూ ఉన్నాయి…

దానికోసమే చేశానక్కా. ఒక పెట్టె విప్పాలి.

…కొంచెం వినండి. నా వెనక ఒక వ్యాను ఉంది. చలికి డీజిల్ గడ్డకట్టి ఇంజన్ కదలడం లేదు. లోపల నూర్జమాల్ అని ఒక బాలింత. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్తోంది, చేతిలో పసిగుడ్డు… నా లారీ క్యాబినా? నాదీ డీజిలే కదా. తెల్లారేసరికి అదీ చచ్చింది.

…పిల్ల ఇందాకటిదాకా ఏడ్చింది. ఇప్పుడు ఏడవట్లేదు. అదే నా భయం.

…పెట్రోలుందక్కా. ‘నీవా’ రకం పెట్రోలు కారు ఒకటి మంచులో కూరుకుపోతే తవ్వి, అందులోని డబ్బా బయటికి తీశాం. సగం ఉంది.

మూడింట్లో ఏ జనరేటరు విప్పమంటారు?

…చవకదా? ఇరవై ఎనిమిది వేల సోమ్‌లదా?… నిజమే, నష్టం తక్కువ. కానీ దాని మోత మీకు తెలీదా? కొట్టు ముందు నడిపి చూపిస్తే పక్కవాళ్లు గొడవకొచ్చారు…

…ఇక్కడా ఉన్నారక్కా వినేవాళ్లు. రోడ్డు పనిచేసే ఐదరాలి తాత మాతోనే చిక్కుకున్నాడు. పైన వాలు మీద మంచు ఇంకా వేలాడుతోందట. కదిలితే ముందు చప్పుడొస్తుందట, అది మన చెవిన పడాలంటాడు. ఆ చవకదాని మోతలో నా మాటే నాకు వినపడదు. పైగా పెట్రోలు తెగ తాగుతుంది.

…గ్యాసుదా? సిలిండర్ ఏదీ? ఉన్నా ఈ చలికి గ్యాసు సరిగా రాదు… ఆ, పెట్రోలుతో కూడా నడుస్తుంది. కానీ దాని బరువు గుర్తుందా? నడుంలోతు మంచులో వ్యాను దాకా ఎవరు మోస్తారు?

ఆ… అదే. డెబ్బై ఎనిమిది వేలది.

…

…తెలుసు. తలాస్‌లో పళ్ల డాక్టరు దానికి ముందే డబ్బు మొత్తం కట్టేశాడు. అక్కడ రోగుల చెవిలో హోరు పెట్టకూడదనే కొనుక్కున్నాడు. తెలుసక్కా… తిట్టండి. తిట్టడం అయ్యాక చెప్పండి.

…ఆయనకి నేనే చెప్తాను. కోపమొచ్చి పీకితే నా పళ్లే పీకమనండి.

…మీరేగా అందరికీ చెప్పేది, అది గొంతు తగ్గించుకుని నడుస్తుందని, పని తక్కువుంటే పెట్రోలూ తక్కువే తాగుతుందని, విషపు పొగ పెరిగితే దానంతటదే ఆగిపోతుందని? ఆ నమ్మకంతోనే అడుగుతున్నాను.

హలో… అక్కా? ఉన్నారా?

…ఏంటి?… ఆయిలా?

…లేదు, ఇంకా విప్పలేదు… అట్ట కింద సీసా… అది పోయకుండా తాడు లాగితే ఇంజన్ పోతుంది… సరే… సరే అక్కా.

తాతా, విప్పు. అక్క విప్పమంది.

…ఆ, లోపల పెట్టను. బయటే. పొగ అటుపక్కకి పోయేట్టు… హీటరు వైరు వ్యాను కిటికీ సందులోంచి తీస్తా. సందుకి గుడ్డ కుక్కుతా… ఇంత ఎత్తులో దానికి బలం తగ్గుతుందా? అయితే హీటరు తక్కువలోనే పెడతాను.

ఫోన్ పెట్టేయకండి.

…పోశాం. తాత లాగుతున్నాడు… ఊహూఁ… చోకా? ఎటు?… తాతా, ఎడమకి తిప్పి లాగు… మళ్లీ లాగు…

…

…అందుకుందక్కా.

నిజం. నా కాళ్ల దగ్గరే నడుస్తోంది… వినపడట్లేదా? అందుకేగా ఆ రేటు.

హీటరు ఎర్రబడింది. నూర్జమాల్ కోటు విప్పి పిల్లని ఒంటికి ఆనించుకుంది…

…మంచు తోసే బండి రేపటికి గానీ రాదట. అప్పటిదాకా ఎటూ కదలడానికి లేదు… పెట్రోలు అంతసేపు రాదు. కాసేపు నడిపి, కాసేపు ఆపుతాం… పైన మంచు సంగతా? తెలీదక్కా. తాత కొండవైపే చెవి పెట్టుకుని నిలబడ్డాడు…

…ఏం చప్పుడు?… అదా? మీకూ వినిపించిందా?… ఆగండి, దగ్గరికెళ్తాను.

…కాదు, మిషన్ కాదక్కా.

పిల్ల. ఏడుస్తోంది…

…గట్టిగానే ఏడుస్తోంది… ఏడవనివ్వండి…

…అక్కా, మీరూనా?… సరే. ఛార్జింగ్ పోతోంది, పెట్టేస్తున్నాను.