నలభై ఒకటో పేజీ

హలో… ఆ, నేనే. స్టాఫ్‌రూమ్‌లోంచి. స్టవ్ కట్టేసి ఇలా రా… లేదు, క్యారేజీ మర్చిపోలేదు.

వినవోయ్. నా అమెరికా చరిత్ర నోట్సులో నలభై ఒకటో పేజీ లేదు.

…నవ్వకు.

…ఇప్పుడు పోలేదు. పోయి తొమ్మిదేళ్ళయిందిట… ‘ట’ ఏంటంటే, పాత స్టూడెంట్లని అడిగితే నాకూ నిన్ననే తెలిసింది మరి.

ఎలా అంటే… నలభయ్యో పేజీ చివర ‘లింకన్ అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు’ అని ఉందా? తిప్పగానే నలభై మూడు. ‘ఆ విధంగా దేశం మళ్ళీ ఒక్కటైంది.’ ఏటా అలాగే చెప్పేస్తున్నా. పిల్లలు అలాగే రాసేస్తున్నారు… మార్కులా? ఎందుకు పడవు? దిద్దేవాళ్ళూ నా క్లాసులో కూర్చుని పోయినవాళ్ళేగా!

…ఆ. మొత్తం యుద్ధం. నాలుగేళ్ళ యుద్ధం ఒక్క కాగితంతో పోయింది.

నిన్న ముందు బెంచీ అమ్మాయి లేచి ‘ఏ విధంగా సార్?’ అంది… ఏమంటాను? సిలబస్‌లో లేదమ్మా, కూర్చో అన్నా… అవును, అంతర్యుద్ధమే సిలబస్‌లో లేదన్నాను! నోటికి అదే వచ్చింది.

ఆ అమ్మాయి గొడవ కాదు. ఇవాళ కమిటీవాళ్ళు వెనక బెంచీలో కూర్చుని నా క్లాసు వింటారు. పాఠం అదే. ఇంకో పావుగంట. బాగుందంటే హెడ్ కుర్చీ నాది. లేదంటే ఆ సివిక్స్ ఆయనది. రేపట్నించీ సెలవు కావాలంటే ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

…లైబ్రరీలో ఉంది పుస్తకం. మూడొందల పేజీలు. పావుగంటలో ఎవడు చదువుతాడు? నాకు నోట్సు అలవాటు.

బీరువా మీద పాత కాగితాల అట్టపెట్టె ఉంటుంది, చూడు…

…అక్కడ కాదా?

…వంటింట్లోనా? డబ్బాల కిందా! అంతర్యుద్ధాన్ని అలమరలో పరిచావా నువ్వు!

…నేనే ఇచ్చానా? చిత్తుకాగితమనా?… సరే. ఇచ్చే ఉంటా. మెల్లిగా తియ్యి, చిరుగుతుంది. చదువు.

ఆ, పెన్నుంది. ‘దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి తోటలు…’ నెమ్మది. కామానా, ఫుల్‌స్టాపా?… ‘పదకొండు రాష్ట్రాలు విడిపోయాయి.’ రాశా. ‘బానిసల శ్రమ మీద యజమానులు దర్జాగా బతికారు.’ ఆ… ‘ఒకళ్ళు కళ్ళు పోయేలా రాస్తే…’ రాస్తేనా? పత్తి తోటలో రాయడమేంటి?… సరే సరే, చెప్పు. ‘ఇంకొకళ్ళు దాన్ని ఇరవై రెండేళ్ళు తమ సొత్తులా చదువుకుంటూ బతికారు.’ ఇరవై రెండేళ్ళు… బతికారు… ఫుల్‌స్టాప్. తర్వాత?

…ఇది పేజీలో లేదా?

…రాసేసుకున్నానే!

ఇప్పుడా ఆ గొడవ? నోట్సు కాలేజీలో నువ్వు రాసుకున్నదే, దస్తూరీ నీదే, నేనెప్పుడు కాదన్నాను?… ఎవరికీ చెప్పలేదు, నిజమే. ఎవరూ అడగలేదుగా… తెలుసు. నీకు కాలేజీ ఫస్టు, నాకు సెకండ్ క్లాసు. ఉద్యోగం నాకొచ్చింది. అప్పుడు పిల్ల చంకలో ఉంది. ఇంటిపట్టున ఉంటానని నువ్వే అన్నావు…

…నేనన్నానా?

…ఊఁ. నేనే అన్నాను.

సరే, ఇంకోటి చెప్పు. నీ నోట్సులో వాషింగ్టన్ పదవి దిగిపోయాడన్న చోట, అంచున ‘రేపు గొడుగు తిరిగిచ్చెయ్యాలి’ అని ఉంటుంది. దానర్థం ఏంటి?… ఎందుకంటే, ఏటా చెబుతున్నా కాబట్టి! జాతికి ఆయన వీడ్కోలు సందేశం అనుకున్నా. అధికారం గొడుగు లాంటిది, వాన వెలిశాక ఇచ్చినవాళ్ళకి ఇచ్చెయ్యాలి, అని వివరణ కూడా చెప్పా. అయిదు మార్కుల ప్రశ్న అది!

…ఊపిరి తీసుకో ముందు. తర్వాత నవ్వుదువుగాని.

నిన్న కమిటీ అధ్యక్షురాలు పిల్లల నోట్సులు తిరగేస్తూ సరిగ్గా అక్కడే ఆగింది. ఒక్కర్తే నవ్వుకుంది. కళ్ళు తుడుచుకుంది… పొడుగ్గా ఉంటుంది. ఎడం చేత్తో రాస్తుంది. చెంప మీద పుట్టుమచ్చ… ఏం, తెలుసా?

…కాలేజీలో నీ పక్కన కూర్చునేదా?

…ఆ గొడుగు ఆవిడదా!

అయిపోయింది. అంటే నిన్నట్నించీ ఆవిడకి తెలుసు, ఇది ఎవరి నోట్సో.

…నిజం చెప్పమంటావా? ఏమని? కుర్చీ పోతుంది, పరువూ పోతుంది. కాస్త జాలి చూపించు. మిగతా పేజీ చదివెయ్యి, సాయంత్రం నువ్వేమన్నా పడతా.

…హలో? పోనీ తిట్టు.

…ఏడుస్తున్నావా?

…డబ్బాలు దించినప్పుడల్లా చదువుకునేదానివా? తొమ్మిదేళ్ళుగానా?… చూడకుండా చెప్పగలవా! చెప్పు.

…

…అంటే, యుద్ధం మొదలవకముందే బానిసలు వాళ్ళంతట వాళ్ళు పారిపోయి వచ్చేసేవాళ్ళా? చుక్కల్ని చూసుకుంటూ ఉత్తరానికి?… ఆ పేజీ ఉన్నన్నాళ్ళూ అప్పజెప్పేశానే గాని, ఇది నా బుర్రకెక్కనే లేదోయ్. ఒక్కసారి కూడా నిన్ను అడగలేదు. సిగ్గుగా ఉంది.

…లేదు, ఇది రాసుకోవట్లేదు. వింటున్నా అంతే.

ఒక్క నిమిషం, ఆవిడే వస్తోంది…

నమస్కారం మేడమ్. రండి, రండి. బెల్లు ఇంకా అవ్వలేదండీ… ఫోనా? ఇంటికండీ. మా ఆవిడ…

…నోట్సా? ఆ నోట్సు…

…మా ఆవిడదేనండీ. ఇరవై రెండేళ్ళుగా. నాది ఒక్క ముక్క కూడా లేదు… అంటే, గొడుగు వివరణ ఒక్కటే నాది.

…లేదండీ, క్లాసు మానను. ముందు బెంచీలో ఒకమ్మాయి ‘ఏ విధంగా’ అని అడిగింది. నిన్న అబద్ధం చెప్పాను, ఇవాళ తెలీదని చెబుతా.

ఇదిగో, ఫోను తీసుకోండి. లైన్లోనే ఉంది.