వానలో ఒక్కసారి పిలిచిన పేరు

కృష్ణకు పెద్ద వరద వచ్చిన ఏడాది. ముక్త్యాలలో మా ఇంట్లోకి నీళ్లు రాగా, జగ్గయ్యపేటలో అద్దెకు దిగి నెల అయింది. కూతురు కృపావతి అక్కడే బళ్లో టీచరు. మనవరాలు రత్నమణి అదే బళ్లో ఎనిమిదో తరగతి. సాయంత్రం పూట నేనూ మనవరాలూ అరుగు మీద ఉన్నాం.

"రేపు నువ్వు రావద్దులే తాతయ్యా. నేనొక్కదాన్నే వెళ్లొస్తా."

"నందిగామకా?"

"ఆ. రేపు సెలవేగా. బస్సెక్కితే ఎంతసేపు."

"మొన్న రమ్మన్నావు."

"మొన్న అన్నా. ఇప్పుడొద్దు."

"ఎవరొద్దన్నారు?"

"ఎవరంటారు, నేనే."

"నువ్వు కాదు. ఎవరు?"

"అబ్బా. చందన. పుస్తకాలిచ్చే పిల్ల. నావి వరదలో నాని పోయాయంటే, పోయినేడాది తను చదివినవి ఇస్తానంది. పాపం, అడక్కుండానే."

"ఎప్పుడు చూసావు ఆ పిల్లని?"

"చూళ్లేదు. నెట్ సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చుంటానా, నేనిక్కడ టైపు చేస్తా, తను నందిగామలో చేస్తుంది. మాట్లాడుకున్నట్టే ఉంటుంది."

"గొంతు విన్నావా?"

"టైపు చేస్తే గొంతేంటి తాతయ్యా."

"మరి ఆడపిల్లని ఎట్లా తెలిసింది?"

"చందన అంటే ఆడపిల్ల కాక గరికపాడు లారీ డ్రైవరా? నీతో భలే నవ్వొస్తుంది."

"ఊఁ. ఏమందో చెప్పు. తను అన్నట్టే చెప్పు."

"బస్టాండు దాకా రావద్దు, బైపాస్ దగ్గరే దిగు, మా మావయ్య కారు తెస్తాడు అంది. మీ అమ్మకి చెప్పకు అంది. అంటే... పెద్దవాళ్లు వద్దంటారని."

"చెప్పలేదా?"

"పుస్తకాలకి నందిగామ వెళ్తానన్నా. స్నేహితురాలు అన్నా. నెట్లో స్నేహితురాలని అనలేదు, అంతే."

"నా సంగతేమంది?"

"నీ సంగతా? వద్దులే. కోపమొస్తుంది నీకు."

"రాదు."

"'ముసలమ్మా, మీ తాతని మాత్రం తీసుకురాకు' అంది. చాలా?"

"ఏమంది?"

"మీ తాతని తీసుకు..."

"అంతకు ముందు."

"ముసలమ్మా అంది. అంతా నీ వల్లే. తల కొట్టేసినట్టయింది నాకు."

"ఆ పిలుపు నువ్వు చెప్పావా?"

"నేనా? చచ్చినా చెప్పను. మా అమ్మమ్మ పేరు నాకు పెట్టారు, మా తాత పెళ్లాం పేరు నోటితో పలకడు, అందుకని నన్ను ముసలమ్మా అంటాడు... ఇదంతా ఎవరికైనా చెప్పుకుంటారా? నువ్వే చెప్పుంటావు."

"నేనెవరితో మాట్లాడతా."

"అదీ నిజమే."

"మీ అమ్మ అట్లా పిలుస్తుందా?"

"అమ్మ రత్నమణీ అని నిండుగా పిలుస్తుంది. బళ్లోనూ అంతే. ఈ ఊళ్లో ఎవరికీ తెలీదు తాతయ్యా. నలుగురిలో పిలవనని మాట కూడా ఇచ్చావుగా."

"పిలిచా. ఒక్కసారి. వానలో గొడుగు తెచ్చినప్పుడు, నెట్ సెంటర్ మెట్ల కింద నిలబడి."

"ఆ, ఆ రోజు. సిగ్గుతో చచ్చా. అయినా ఎవరు విన్నార్లే. కరెంటు పోయి అందరూ వెళ్లిపోయారు అప్పటికి."

"ఎవరూ లేరా?"

"లేరు."

"బాగా గుర్తు తెచ్చుకో."

"లేరంటుంటే. నేనూ, కిషోర్ అంకులూ. అంతే. ఏంటి తాతయ్యా, అట్లా చూస్తావు?"

"ఎవరా కిషోరు?"

"సెంటరు ఆయనదే. మంచాయన. మొన్న మా బళ్లో తల్లిదండ్రుల మీటింగులో మాట్లాడిందీ ఆయనే. నెట్లో తెలియనివాళ్లకి పేరు చెప్పొద్దు, ఫోటో పంపొద్దు అని గంటసేపు చెప్పాడు. అమ్మ చప్పట్లు కూడా కొట్టింది."

"మరి చందనకి ఎందుకు చెప్పావు నీ పేరు?"

"చందన తెలియనిది కాదుగా. నేను భయపడుతుంటే అంకులే అన్నాడు, ఈ పిల్ల పర్వాలేదు, మంచి ఇంటి పిల్ల, మాట్లాడమ్మా అని."

"ఆయనే అన్నాడా?"

"ఆయనే. ఎందుకు తాతయ్యా?"

"ఆ రాతలన్నీ ఉన్నాయా ఇంకా?"

"ఉంటాయి. నా పాస్‌వర్డు కొడితే వస్తాయి. అదుగో అమ్మ."

"నాన్నా, ఇద్దరూ ఇక్కడున్నారా? రేపు మీరు బస్సులో పడి పోనక్కర్లేదు. బడి దగ్గర కిషోర్ గారు కలిసారు. ఆయనకి నందిగామలో పనుందట. పిల్లని కారులో తీసుకెళ్లి తీసుకొస్తానన్నారు. పెద్దాయన్ని ఎందుకు తిప్పడం అన్నారు."

"పిల్ల నందిగామ పోతుందని ఆయనకెట్లా తెలుసు కృపా?"

"నేను... నేను చెప్పలేదే. ఏమే, నువ్వు చెప్పావా?"

"లేదమ్మా. నేను చందనకి తప్ప ఎవరికీ చెప్పలేదు."

"చందనెవరు?"

"పిల్ల పాస్‌వర్డు ఇంకెవరి దగ్గరుంది కృపా?"

"మీకెందుకు నాన్నా అవన్నీ? మీటింగులో ఆయనే అడిగారు. పిల్లలు ఎవరితో మాట్లాడుతున్నారో కనిపెట్టి ఉంటానన్నారు. మేం టీచర్లమే అందరివీ ఇప్పించాం."

"అందరివీనా?"

"ఆడపిల్లలవి. ఏమైంది నాన్నా?"

"కూర్చో, చెప్తా. ముందు ఆయనకి ఫోన్ చేసి సరే అను."

"ఏంటి విషయం?"

"సరే అను. పిల్ల తయారుగా ఉంటుందని చెప్పు."

మర్నాడు పొద్దున తల్లినీ పిల్లనీ ముందే పంపేశాను. కిషోరు కారు తెచ్చాడు. ముందు సీట్లో నేను కూర్చున్నాను.

"మీరా? పాప ఏదండీ?"

"దారిలో ఉంది. వాళ్లమ్మతో."

"దారిలో అంటే ఎక్కడండీ?"

"పోనివ్వు, చెప్తా."

"మీరు కూడా వస్తారా ఏంటి? ఈ ఎండలో మీకెందుకండీ శ్రమ. పాపని నేను జాగ్రత్తగా..."

"పోనివ్వు బాబూ. ఇక్కడ ఎడమకి తిప్పు."

"ఇటు కాదండీ నందిగామ రోడ్డు."

"తెలుసు. ఆ గేటు దగ్గర ఆపు."

"ఇది పోలీస్ స్టేషనండీ."

"ఆ. ముసలమ్మ లోపల కూర్చుని ఉంది. దిగమ్మా చందనా."