చేమ మడిలో పోగుంటలు

రొంపిచెర్ల రోడ్డు పక్కన చేమదుంపల చేను. చేను పుల్లమ్మది. అందులో ఏ రకం దుంపకుళ్లును తట్టుకుంటుందో తేల్చే పని పరిశోధక విద్యార్థిని జ్యోతిర్మయిది.

“ఒక్కటి కూడానా? ఒక్క మొక్క కూడా కుళ్లలేదా పెద్దమ్మా?”

“చూస్తన్నావుగా అమ్మాయ్, చేనంతా పచ్చగా ఉంది. సంతోషించక ఆ మొహం ఏంది?”

“కుళ్లాలి! కుళ్లాలనేగా సీసాల్లో ఆ కుళ్లునీళ్లు తెచ్చి మొదళ్లలో పోసింది? ఏది చస్తదో, ఏది నిలబడుద్దో చూట్టానికేగా ఇన్ని రకాలు వేసింది!”

“అయ్యన్నీ నాకు తెలవదు. ఇదిగో టీ, తాగు.”

“వద్దు. అమ్మకి ఆపరేషనని నేను మాచర్లలో నెల ఉండొచ్చేసరికి ఏం చేశావు? మందు కొట్టావా?”

“నేనేం కొట్టలా.”

“నీళ్లు పెట్టడం మానేశావా?”

“మానలా. తడి ఆరకూడదన్నావు, ఆరనియ్యలా.”

“మరి?”

“మరి మరి అంటే... టీ చల్లారిపోద్ది, తాగు.”

“పెద్దమ్మా!”

“కుళ్లినయ్ లే.”

“ఏందీ?”

“కుళ్లినయ్యంటన్నా. చానా కుళ్లినయ్. ఏం కంపు, ఏం కంపు! ఆటోల్లో పోయేవాళ్లు ముక్కులు మూసుకోటమే. పుల్లమ్మా, నీ చేలో ఏం చచ్చిందని మీరా సాహెబ్ బండి ఆపి మరీ అడిగె. తల ఎక్కడ పెట్టుకోను? పీకి పారేశా.”

“పారేశావా! మరి... మరి ఇయ్యన్నీ ఏంది?”

“పోగుంటలు పెట్టా. మిరపతోటలో మొక్క చస్తే ఆ గుంటలో ఇంకోటి నాటమా? చేను బోసిగా ఉంచుకుంటామా? పిలకలు తీసి నాటా.”

“అయ్యో, అయ్యో! ఏ రకం ఎంత కుళ్లిందో ఇప్పుడు నేనేం చెప్పను? రేపు మా గైడు రాజారత్నం సారు వస్తన్నారు. పోయినేడు వాన ముంచింది. ఈసారి కూడా ఏమీ తేలకపోతే ఈ పని ఇంకోళ్లకి ఇచ్చేస్తానన్నారు. నా చదువు ఇక్కడితో సరి. ఎవర్నడిగి ముట్టుకున్నావు?”

“నా చేలో నాటుకోటానికి ఎవర్నడగాల? ...ఏడవబాక. ఏడవబాకమ్మా. నీ మంచి రకాల జోలికి పోలా, ఒట్టు. గట్టు పక్క వరసలోయే తీశా.”

“ఏ వరస?”

“అదే, దురద చేమ. గొంతు గీరుద్ది, ఎవరూ తినరు, మడి నిండటానికి ఊరికే వేశా, లెక్కలోకి రాదు అన్నావే. లెక్కలో లేంది పీకితే నీకేం నష్టమని...”

“అన్ని వరసల్లోనూ అదే పెట్టావా?”

“అన్నిట్లో అదే. ఇప్పుడు నీకు కనపడేది ముప్పాతిక అదే. ఇంత రాద్ధాంతం అయితే ఎందుకులే, ఇప్పుడే పీకేస్తా, జరుగు.”

“ఆగు! ఆగాగు, పీకబాక! చెయ్యి తియ్యి పెద్దమ్మా. వేరే మట్టి పోసి నాటావా?”

“మట్టి ఎవరు మోస్తారే? ఆ కంపు బురదలోనే గుచ్చా.”

“కుళ్లిన గుంటలోనే?”

“కుళ్లిన గుంటలోనే.”

“వాటిల్లో ఎన్ని చచ్చినయ్? దాచబాక. ఎన్నిసార్లు మళ్లీ నాటావు?”

“మళ్లీ ఎందుకు నాటతా? ఒక్కటన్నా చస్తేగా!”