బరువు మొయ్యని గోడ

ఏదీ, ఆ ప్లాను ఇటు తిప్పు. నా కళ్ళజోడు కూడా అందుకో అల్లుడూ. కింద వీధి వైపంతా అద్దాలేనా? మరి ఈ మూల గోడలేవీ? తీసేయించావా. ఆఁ, బరువేం మొయ్యట్లేదు కదా అంటావు. ఆ మాట నేనూ అన్నాన్లే ఒకప్పుడు.

మా బావ, అదే మీ నాన్న, చెక్క ఇల్లు ఎవరికి కట్టినా ముందు రెండంతస్తుల చట్రం నిలబెట్టి ఇంటివాళ్ళని పిలిచేవాడు. మూల కర్రకి భుజం ఆనించి ఒక్క తోపు తోసేవాడు. మేడదాకా ఊగేది. ఇంటావిడకి గుండె గుభేల్మనేది. "భయపడకండమ్మా, దీనికి బరువు మొయ్యడం వచ్చు, పక్కకి ఒరగకుండా ఉండటం రాదు. అది ఇప్పుడు నేర్పుతా" అనేవాడు. ఇక మూలల్లో చట్రానికి చెక్క పలకలు కొట్టి గోడలు, అంచుల వెంట బెత్తెడుకో మేకు, అడుగున ఇనప పట్టీలేసి పునాదికి బిగింపు. మేడమీద గోడ ఎక్కడో కింద గోడా అక్కడే. నాలుగు వైపులా ఉండాల్సిందే, ఒక వైపు వదిలేస్తే ఇల్లు మెలి తిరుగుతుందనేవాడు. ఆయన చేతికింద నేను కొట్టిన మేకులు చూసి, "ఏరా, విత్తనాలు చల్లావా?" అని మళ్ళీ పీకించేవాడు. మహా చాదస్తం. ఏం చెబుతున్నాను? ఆఁ, గోడలు.

ఆయన అలాగే కట్టుకున్న మీ ఇంట్లో, మీ అమ్మ ముందుగదిలో బట్టలు కుట్టేదా, చూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించడానికి వీధిలోకి వచ్చేది పాపం. "తమ్ముడూ, ఈ మూల గోడలు లేకపోతే ఎంత వెలుతురురా" అంది ఒకరోజు. బావ పక్క ఊళ్ళో పనికెళ్ళాడు. నేను చూశా కదా, దూలాలన్నీ స్తంభాల మీదున్నాయి, ఆ గోడలు ఊరికే నిలబడ్డాయి. రెండూ కోసేసి కిటికీలు పెట్టేశా. అవునురా, నేనే. ఈ చేతుల్తోనే.

ఆయనొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తిడతాడనుకున్నా. అక్క అప్పుడే దారం ఎక్కించి చూపించింది, ఒక్కసారికే ఎక్కిందని. చిన్నపిల్లలా నవ్వింది. "ఆదివారం మూసేద్దాంరా" అన్నాడు నాతో, మెల్లగా. ఆలోపే, శుక్రవారం మధ్యాహ్నం భూమి కదిలింది. వెనక గోడ అలాగే ఉంది, పక్క గోడలు సగం సగం నిలిచాయి. ముందు వైపు మెలి తిరిగి మేడ వచ్చి ముందుగది మీద కూర్చుంది. నువ్వు బళ్ళో ఉన్నావు. అక్క మిషను దగ్గరే ఉంది.

"ఊరందరికీ కట్టి సొంతింటికి కక్కుర్తి పడ్డాడు" అన్నారు జనం. ఆ గోడలెవరు తీశారని అడిగితే, "నేనే" అన్నాడాయన. పక్కనే ఉన్నా. నోట్లో నాలుక లేనట్టు నిలబడ్డా. మళ్ళీ సుత్తి పట్టలేదాయన. నువ్వు పెద్దవాడివై, "అమ్మని నువ్వే చంపావు" అని ఆయన మొహం మీదే అన్నావు చూడు, ఆ రోజు కూడా నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. చెప్పలేదు. నాకూ అదే కావాల్సొచ్చింది, సిగ్గులేని బతుకు. ఆయన పోయినప్పుడు నువ్వు గడప దాకా వచ్చి వెనక్కెళ్ళిపోయావు. అప్పుడన్నా చెప్పాల్సింది.

అలా చూడకురా. ఆ పెన్సిలివ్వు. ఈ మూల నుంచి ఇక్కడిదాకా గోడ, పైన కూడా సరిగ్గా దీని మీదే. అటు మూలా అంతే. మేకులు బెత్తెడుకొకటి, రాసుకో. పోనీ, నువ్వే గియ్యి. ఇదిగో పెన్సిలు.