ఎవరన్నారు పార్థసారథి గారికి సత్తువ తగ్గిందని

సభకు అధ్యక్షత వహిస్తున్న మన తెలుగు సంఘం పెద్దలు ఈశ్వరరావు అంకుల్ గారికి, ఈ సాయంత్రం ఎవరి కోసం ఇంతమందిమి పనులు మానుకుని బెడోక్ దాకా వచ్చామో ఆ మన హెవీవెయిట్ చాంపియన్ పార్థసారథి గారికి, ఆయన రింగులో తిన్న ప్రతి దెబ్బకీ ఇంట్లో ఐసు పెట్టిన వసుంధర ఆంటీకి, తెలుగు ఒక్క ముక్క రాకపోయినా పార్థసారథి గారి మీదా నా మీదా ప్రేమతో మొదటి వరసలో ఓపిగ్గా కూర్చున్న మా కోచ్ సెల్వం గారికి, భోజనాల బల్ల పక్కనే కుర్చీల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి ముందుగానే చోటు చోప్ చేసుకున్న తెలివైన మిత్రులకి, అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు)

నా పేరు కృష్ణచైతన్య. ఊరికి అటు చివర యూ టీలో ఉంటాను. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మూడు నెలల కిందట పార్థసారథి గారు ఆడిన ఆఖరి పోటీలో ఆయన మీద గెలిచి, తొమ్మిదేళ్ళుగా ఆయన నడుముకున్న బెల్టు పట్టుకుపోయినవాణ్ణి నేనే. ఒక మనిషికి సన్మానం చేస్తూ, ఆయన్ని ఓడించినవాణ్ణే పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పమనడం మన సంఘానికే చెల్లింది. (నవ్వులు) నవ్వండి, పరవాలేదు. నేను మాత్రం కాస్త కోపంగానే వచ్చాను.

ఇందాక ఈశ్వరరావు అంకుల్ ఏమన్నారో మీరంతా విన్నారు. ‘వయసు మీద పడింది కదా, మునుపటి సత్తువ లేకపోయింది, అయినా మన పార్థసారథి మన గుండెల్లో చాంపియనే’ అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. అంకుల్, నేను పదేళ్ళ పిల్లాడిగా ఈ దేశం వచ్చినప్పుడు, మా అమ్మకి ఇక్కడి స్టవ్ వెలిగించడం రాకపోతే మాకు వారం రోజులు మీ ఇంటినుంచే క్యారేజీ వచ్చింది. ఆ అన్నం తిన్నవాణ్ణి, మీ మీద నాకు గౌరవమే తప్ప వేరే మాట లేదు. కానీ మీరన్న ఆ మాట నేను ఒప్పుకోను. ఆయనకి సత్తువ తగ్గిందో లేదో ఈ హాల్లో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, ఎందుకంటే మీరంతా ఆయన దెబ్బలు చూశారు, నేను తిన్నాను. (నవ్వులు, చప్పట్లు)

అసలు ఆ పోటీకి ముందు మనవాళ్ళు చేసిన హడావుడి కూడా చెప్పుకోవాలి. రింగులో ఇటూ అటూ ఇద్దరూ తెలుగువాళ్ళే అయ్యేసరికి ఎవరి పక్షాన కేకలు వెయ్యాలో తెలియక సంఘం మొత్తం అల్లాడిపోయింది. ముందురోజు తారాదేవి ఆంటీ నాకు ఫోన్ చేశారు. ఆంటీ, మీరు తల దించుకోకండి, ఇది అందరికీ తెలిసిన కథే. ‘నాయనా, ఆయన పెద్దవాడు, మన పార్టీలన్నిటికీ పులిహోర కలిపే మనిషి, కాస్త చూసి కొట్టు’ అన్నారు. సరేనన్నాను. తర్వాత తెలిసిందేమిటంటే, అదే ఆంటీ ఆయనకీ ఫోన్ చేసి, ‘వాడు పెళ్ళి కావాల్సిన పిల్లాడు, ముక్కు జోలికి మాత్రం పోకండి’ అన్నారట. (చాలాసేపు నవ్వులు) ఆయన ఆ మాట నిలబెట్టుకున్నారు. ముక్కు జోలికి పోలేదు, పక్కటెముక విరగ్గొట్టారు.

ఇప్పుడు నవ్వుగా ఉంది గానీ, నన్ను మూడు నెలలుగా తినేస్తున్నదీ అదే. మనవాళ్ళలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి ఓడిపోవడం ఒక మర్యాద. క్యారమ్స్ ఆడుతూ మామయ్య రెడ్ కాయిన్ కావాలనే వదిలేస్తాడు, బాడ్మింటన్‌లో బాబాయి ఉన్నట్టుండి కాలు నొప్పంటాడు. ఆ అలవాటుతోనే మన సంఘంలో సగంమంది, ‘మన కుర్రాడు కదా, పార్థసారథి గారు పోనీలే అని వదిలేసి ఉంటారు’ అనుకున్నారు. మిగతా సగం, ‘పాపం, ఆయన పని అయిపోయింది, అందుకే కుర్రాడు గెలిచాడు’ అనుకున్నారు. ఎవరూ చెడ్డగా అనుకోలేదు, నాకు తెలుసు. కానీ మొదటి మాట నిజమైతే నాది గెలుపు కాదు, బహుమానం. రెండో మాట నిజమైతే నేను గెలిచింది చాంపియన్ మీద కాదు. ఏ మాట తీసుకున్నా నాకు మిగిలేదేమిటో మీరే చెప్పండి.

అందుకని ఆ రోజు ఏం జరిగిందో ఒక్కసారి చెప్పనివ్వండి. ఆయన కాళ్ళు నెమ్మదించిన మాట నిజమే. నేను తంజోంగ్ పగార్ జిమ్‌లో కొత్తగా చేరినప్పుడు ఆయన రింగంతా తిరిగేవారు, ఇప్పుడు మధ్యలో నిలబడతారు. చూసేవాళ్ళకి అది అలసటలా కనిపిస్తుంది. ఎదురుగా ఉన్నవాడికి సంగతి వేరు. ఆయన రారు, నువ్వే వెళ్ళాలి. వెళ్ళావా, ఆ ఎడమచెయ్యి నీకంటే ముందే అక్కడ ఉంటుంది. సెల్వం గారు చెబుతుంటారు, వయసులో ఉన్నప్పుడు ఈయన పది గుద్దులు విసిరితే మూడు తగిలేవట. నా మీద విసిరినవాటిలో తగలనిది ఏదైనా ఉంటే దాని జాడ చెప్పండి, వెతుక్కుంటాను. (నవ్వులు)

ఏడో రౌండులో పక్కటెముక పోయింది. ఊపిరి అందలేదు. చేతులు వాటంతటవే కిందికి జారిపోయాయి, మొహానికి అడ్డమే లేకుండా పోయింది. గెలుపు వదిలెయ్యాలనుకున్న మనిషైతే, అదిగో, అక్కడ వదలొచ్చు. ఒక అడుగు వెనక్కి వేసి, అలిసిపోయినట్టు తాళ్ళకి ఆనుకుంటే ఎవరికీ తెలియదు. ఆయన వెయ్యలేదు. నన్ను పడగొట్టడానికే వచ్చారు. ఆ కళ్ళు నేను చూశాను, వాటిలో నేను మనవాళ్ళ అబ్బాయిని కాను. గంట మోగేదాకా ఎలా నిలబడ్డానో నాకిప్పటికీ తెలియదు.

తర్వాతి రౌండ్లు నేనే గెలిచాను. ఆ మాట సిగ్గు లేకుండా చెప్పుకుంటాను. ఏడాదిపాటు తెల్లారగట్లే లేచి, ఆఫీసుకి వెళ్ళేలోపు, ఆయన ఎడమచెయ్యి దాటి పక్కకి ఎలా జరగాలన్నది ఒక్కటే నేర్చుకున్నాను. మా అమ్మ అద్దం ముందు నా నాట్యం చూసి కంగారుపడింది కూడా. (నవ్వులు) ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు నాకిచ్చారు, ఒకరు ఆయనకిచ్చారు. అంత దగ్గరగా వచ్చి ఓడిన మనిషిని పట్టుకుని సత్తువ తగ్గిందంటే నాకు ఒళ్ళు మండదా?

ఇక అసలు సంగతి. సత్తువ తగ్గిందన్న మాట మొదట అన్నది ఈశ్వరరావు అంకుల్ కాదు. పార్థసారథి గారే. ఆ పోటీ అయిన మర్నాటినుంచి ఎవరడిగినా, ‘నా పని అయిపోయిందండీ, ఇంక చేతులు లేవట్లేదు’ అంటూ వచ్చారు. నా ముందే ఒకసారి అన్నారు. నేను నిజమే అనుకుని బాధపడ్డాను. కిందటి ఆదివారం వాళ్ళ బ్లాకు కింద హాకర్ సెంటర్లో చేపల సూప్ తాగుతూ వసుంధర ఆంటీతో అదే అన్నాను, ‘అంకుల్ ఇంత తొందరగా డీలాపడ్డారేంటి ఆంటీ’ అని. ఆవిడ చెంచా కింద పెట్టి నన్ను అదోలా చూశారు. ‘డీలానా? నిన్న మూడు బియ్యం బస్తాలు ఒక్కరే పైకి మోసుకొచ్చారు. నీకు కావాలనే వదిలేశారని జనం చెవులు కొరుక్కుంటున్నారు కదా, నీ గెలుపుని ఎవరూ దానం అనకూడదని ఈయన ముసలాడి వేషం కట్టారు. ఇంట్లో కూడా ఆ మూలుగులు మానట్లేదు, నాకు విసుగొస్తోంది’ అన్నారు. (నవ్వులు)

ఆ సూప్ నేను పూర్తిచెయ్యలేకపోయాను. తొమ్మిదేళ్ళు సంపాదించుకున్న పేరండి అది. ఓడిపోతే ఓడిపోయానని చెప్పుకునే మనిషే, కానీ చేతగానివాణ్ణయ్యానని తన నోటితో తనే చెప్పుకుంటూ ఊరంతా తిరిగారు, నన్నెవరూ తక్కువగా చూడకూడదని. అటువంటి మనిషి దగ్గర దెబ్బలు తిన్నందుకు నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పడానికి నా యూ టీ తెలుగు చాలదు.

అంకుల్, పార్థసారథి అంకుల్, ఇటు చూడండి. మీ మేలు మర్చిపోను. కానీ అది నాకు వద్దు. నా గెలుపు కోసం మీరు ముసలివారు అవ్వాల్సిన పనిలేదు. మీరు బాగున్నప్పుడే నేను గెలిచానా లేదా అన్నది మీ నోటితో, ఇంతమంది ముందు చెప్పండి. కాదంటే కాదనండి, బెల్టు ఇక్కడే పెట్టి వెళ్తాను. అవునంటే మాత్రం ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా ఆ మూలుగులు మూలగకండి.

(పార్థసారథి గారు శాలువా కుర్చీలో పెట్టి లేచి నిలబడ్డారు. మైకు వద్దన్నారు. ‘బాగానే ఉన్నాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. పడగొడదామనే చూశాను, వీడు పడలేదు’ అన్నారు. సభ అంతా లేచి నిలబడింది.)

విన్నారుగా. సెల్వం గారికి ఎవరైనా తమిళంలో చెప్పండి, ఆయన కంగారుపడుతున్నారు. మూడు నెలలుగా గెలిచినవాణ్ణన్న పేరు మోస్తున్నాను గానీ, గెలిచింది మాత్రం ఇప్పుడే. కోపంగా మొదలుపెట్టిన నన్ను ఓర్చుకున్న అధ్యక్షులవారికి, నాతో నిజం చెప్పిన వసుంధర ఆంటీకి, ఇంతసేపు భోజనాల వాసన వస్తున్నా కదలకుండా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. నేను చాంపియన్‌నే ఓడించానండి. సెలవు.