రెండు కండ్ల కెమెరాకు ఏనుగు తల వంచిన కథ

రాండప్పా, రాండమ్మా, బెంచీమీద ఇంకా దగ్గరికి జరగండి. మారికుప్పం స్టేషన్ టీ అంగడిలో పొద్దున్నే ఇంతమంది దొరికేది దేవుని కృపే. మా మనవరాలు నాన్సీ అడివికి పోతా ఉండాది. జీపులో కాదు, గైడు వెంబడి కాలినడకన. మనిషికి ఒకటే కెమెరా అన్నాడంట ఆయన. పాప ఒళ్ళో రెండుండాయి: బాడుగకు తెచ్చిన మూరెడు లెన్సుది ఒకటి, ఇంగొకటి నా స్టూడియోలో అరిగిన, పైనా కిందా రెండు లెన్సులుండే రెండు కండ్ల కెమెరా. రైలు వచ్చేలోపల ఒకటి నాకిచ్చి పోవల్ల. నాదే అడివికి పోవల్లని నా ఆశ.

"తాతా, మీదాంట్లో పైనుంచి తొంగి చూడల్ల. పులి వస్తే ఎట్ల?" అనింది.

అదే చెప్పొచ్చేది! మూరెడు లెన్సు ఎత్తితే మృగాలు తుపాకి అనుకుంటాయి. ఇది రొమ్ముకాడ పెట్టుకొని, ప్రార్థనలో మాదిరి తల వంచితేనే కనిపిస్తుంది. మన బంగారు గని మూసిన ఏడు నేనూ మైసూరు అవతల అడివిలో గైడు వెనక నడిచినాను. ఎదురుగా ఒంటి ఏనుగు! గైడు చెట్టెక్కినాడు. నేను కెమెరా పట్టుకొని తల వంచినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఏనుగూ తల వంచింది!

"నమస్కారం పెట్టిందా?" అన్నాడు టీ పోసే మునీంద్ర.

అంతటితో పోయిందా! మందనంతా పిలుచుకొచ్చింది. పెద్దవి వెనక, గున్నలు ముందర, మన చర్చి గ్రూపు ఫోటో మాదిరి వరుసగా నిలబడినాయి. "గడ్డం పైకి" అంటే తొండాలెత్తినాయి. అంతలో పులి వచ్చి, మీసాలు నాకి సర్దుకొని, సైడు పోజు పెట్టింది. మరి రీలు అయిపోవల్ల కదా? బైబిల్లో సారెపతు విధవరాలి బుడ్డిలో తరగని నూనె మాదిరి తీసేకొద్దీ ఊరింది! పొద్దు గుంకబోతే "ఒక్క ఫోటో ఉండాది ప్రభువా" అని మొక్కినాను. యెహోషువ కాలంలో మాదిరి సూర్యుడు కొండమీదనే నిలబడి...

"చాల్లే జయరాజన్నా," అన్నాడు రామాంజినప్ప, గనిలో డ్రిల్లు పట్టిన మనిషి. "ఆ దినం నువ్వు అడివి బస్సు ఎక్కనే లేదు. ఆఖరి షిఫ్టోళ్ళం నీ స్టూడియో ముందర నిలబడింటే, సంచి దించి మమ్మల్ని ఫోటో తీసినావు. బస్సు పాటికి బస్సు పోయింది. ఆ మందలో నడిమి ఏనుగు నేనే."

అంగడంతా నవ్వింది.

రైలు కూసింది. నాన్సీ మూరెడు లెన్సుదాన్ని నా ఒళ్ళో పెట్టి, నా కెమెరా మెడకు తగిలించుకునింది. "పాపం, ఇది అడివే చూళ్ళేదంట కదా తాతా. చూపించుకొస్తా," అని ఉరికింది.

సరే, ఏనుగుల్ని మరిచిపోండి, పులినీ మరిచిపోండి. ఒకటి మాత్రం మనసులో పెట్టుకోండి. ఆ దినం కెమెరాలోకి తల వంచితే అద్దంలో కనిపించింది ఇదీ. అందరి నెత్తిన లైటు టోపీలుంటే, వీళ్ళ షిఫ్టు పాపన్న మాత్రం తనది అప్పటికే గనిలో అప్పగించేసి, ఒట్టి తలతో వరుస చివర ముడుచుకొని నిలబడినాడు. ఈ రామాంజినప్ప తన టోపీ తీసి వాని నెత్తిన పెట్టి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ నడిమికొచ్చి నిలబడినాడు. ఆ ఫోటో ఇప్పటికీ పాపన్న ఇంటి గోడమీద ఉండాది. వరుస నడిమిలో ఆ ఒట్టి తల ఎవరిదని పిల్లోళ్ళు అడిగితే, ఇదో, ఈయనదని చెప్పండి. ఎందుకు ఒట్టిదైందో కూడా చెప్పండి.